మా జబ్బ యాదికుంటది, మా చెవి యాదికుండదు



పోయిన భాగం చివర, పంచాయతీ సఫాయి కార్మికుల జీతాల సంగతి రాస్తనని మాట ఇచ్చిన. అది వచ్చే వారం. ఈ వారం మా అవ్వ అడిగిన ఒక్క ప్రశ్న నన్ను ఇంకేదీ రాయనిస్తలేదు.

మా అవ్వ స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక ఊర్లో పంచాయతీ సఫాయి పని చేస్తది. మొన్న పొద్దున పనికి పోయేముందు చాయ్ తాగుకుంట టీవీ చూసింది. ఆస్ట్రాజెనెకా కంపెనీ తన కరోనా టీకాతో చాలా అరుదుగా నెత్తురు గడ్డకట్టే జబ్బు రావచ్చని ఇంగ్లండ్ కోర్టులో ఒప్పుకుందని వార్త. అదే టీకాను మన దేశంలో పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్ పేరుతో చేసింది. దేశంలో పడ్డ కరోనా డోసుల్లో నాలుగింట మూడొంతులకు పైగా అదే. మా అవ్వకు పడ్డ రెండు డోసులూ అవే.

చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగింది: "కొడుకా, నా జబ్బకు గా సూదే ఏసిండ్రు గదా. నా నెత్తురు గడ్డకడ్తదా?"

2021లో సూది వేసేటప్పుడు ఆమెకు చెప్పింది రెండే మాటలు. జీతం కావాల్నంటే వేసుకోవాలె. జ్వరమొస్తే గోలి వేసుకోవాలె. ఫ్రంట్‌లైన్ వారియర్ అని శాలువా కప్పిండ్రు. ఆ సూదిలో ఏమున్నదో, అది ఒంట్లోకి పోయి ఏం చేస్తదో, ఏం లక్షణం కనబడితే దవఖానకు ఉరకాల్నో చెప్పలే. మూడేండ్ల తర్వాత ఆ సంగతి ఆమెకు టీవీ చెప్పింది. అది కూడా భయపెట్టేటట్టు చెప్పింది.

ఆమె ప్రశ్న వినంగనే నాకు మా చిన్నాయిన యాదికొచ్చిండు.

2021 ఏప్రిల్ నెల. 45 ఏండ్లు దాటినోళ్లందరికీ టీకా అని ఆ నెల 1వ తారీఖు నుంచి మొదలైంది. చిన్నాయినకు 52. హమాలీ పని. బస్తా వీపు మీద పడ్డదంటే లారీ దాకా ఆగకుండ పోయే మనిషి. చిన్నమ్మ పోరు పడలేక టీకాలు వేసే కాడికి పోయిండు. గంటన్నర లైన్లో నిలబడ్డడు. తన వంతు వచ్చినంక, చెయ్యి చాపే ముందు ఒక్క మాట అడిగిండు.

"అమ్మా, ఇండ్ల కోతి నుంచి తీసిన వైరస్ ఉన్నదంటుండ్రు. నిజమేనా?"

అక్కడున్నోళ్లు నవ్విండ్రు. ఒకాయన, "నీకెందుకయ్య గవన్ని? నువ్వేమన్న డాక్టర్ చదివినవా? చెయ్యి చాపుతవా, ఎనకున్నోళ్లకు జాగిస్తవా?" అన్నడు.

చిన్నాయిన జాగ ఇచ్చిండు. అంగి చెయ్యి దించుకొని ఇంటికొచ్చిండు. "మనల్ని కోతుల లెక్క జూస్తుండ్రు" అన్నడు చిన్నమ్మతోటి. మళ్ల ఎవ్వరు చెప్పినా పోలే.

మే నెలలో లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే దగ్గు మొదలైంది. వరంగల్‌కు తీస్కపోయినం. ఆక్సిజన్ పెట్టిండ్రు. మూడు రోజులున్నడు. ప్లాస్టిక్‌లో చుట్టి ఇచ్చిండ్రు. చిన్నమ్మ ఇప్పటికీ "మొకం సూడలే" అనే ఏడుస్తది.

ఆ రోజు సూది వేసుకుంటే బతికేటోడా? ఆ మాట నేను అనలేను. మూడు నాలుగు వారాల ముందు పడ్డ ఒక్క డోసు ఎవరిని కాపాడుతదో ఎవరిని కాపాడదో చెప్పే లెక్క నా దగ్గర లేదు. ఒకటి మాత్రం గట్టిగ అంటున్న. చిన్నాయిన అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. కోవిషీల్డ్‌లో ఉన్నది చింపాంజీ నుంచి తీసిన వైరస్సే! కోతి కాదు గని, కోతి చుట్టమే. వాళ్లు పుకారని నవ్విన ప్రశ్నకు జవాబు "అవును". "అవును అన్నా, కానీ భయపడకు, ఎందుకంటే" అని మొదలుపెడితే మూడు నిమిషాల్లో ఒడిసిపోయే జవాబు. గంటన్నర లైన్లో నిలబడ్డ మనిషికి ఆ మూడు నిమిషాలు ఇయ్యలే.

ఆ జవాబు ఇప్పుడు నేను చెప్తున్న. చదవరానోళ్లకు చదివి వినిపించండ్రి.

డప్పు చాటింపు మనకు కొత్త కాదు. ఊర్లోకి దొంగ వస్తున్నడని తెలిస్తే ఏం చేస్తరు? మన తాతను పిలిచి చాటింపు వేయిస్తరు. ఆయన వాడవాడ తిరిగి, "దొంగ ఇట్లుంటడు, ఇసొంటి బట్టలేసుకుంటడు, కనబడితే పట్టుకోండ్రి" అని చాటుతడు. చాటింపు వేసేటాయన దొంగ కాదు. దొంగ గుర్తులు మోసుకొచ్చేటాయన.

వెక్టర్ టీకా అంటే అదే. కరోనా వైరస్ ఒంటి నిండ ముండ్ల లెక్క ఉండేదాన్ని స్పైక్ అంటరు. మన కణంలోకి దూరనీకి అదే దాని తాళంచెవి. ఆ స్పైక్‌ను ఎట్ల తయారుచేయాల్నో రాసి ఉన్న జన్యువును మాత్రం తీసుకొని, వేరే వైరస్ లోపల పెడ్తరు. ఆ వేరే వైరస్ చాటింపు వేసేటాయన. సైన్స్‌లో దాన్ని వెక్టర్ అంటరు, పుస్తకాల తెలుగులో వాహకం. మోసేది అని అర్థం.

కోవిషీల్డ్‌లో మోసేది అడినోవైరస్. జలుబు పుట్టించే జాతి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ సైంటిస్టులు దాంట్లో ఈ1 అనే భాగాన్ని కోసి పడేసిండ్రు. ఆ భాగం లేకుంటే అది మన ఒంట్లో పిల్లలు పెట్టలేదు. ఫ్యాక్టరీలో దాన్ని పెంచాల్నన్నా, ఆ ఈ1ను అందించే ప్రత్యేకమైన కణాల్లోనే పెంచాలె. మన జబ్బ కండలో అసొంటి కణాలు లేవు. ఒక్క డోసులో, అంటే అర మిల్లీలీటరులో, 5 వేల కోట్ల వైరస్ రేణువులుంటయి. అవి కణాల్లోకి పోతయి, తెచ్చిన ముచ్చట చెప్తయి, అక్కడితోటి వాటి పని ఖతం. మన కణం ఆ రాత చదివి కొన్ని రోజులు స్పైక్‌ను తయారుచేస్తది. ఒంట్లోని కాపలా దాన్ని చూసి గుర్తుపెట్టుకుంటది. రేపు అసలు దొంగ వస్తే పట్టుకుంటది.

మరి చింపాంజీది ఎందుకు? మనుషుల అడినోవైరస్‌లు మనలో చానా మందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటయి. మన ఒంటికి ఆ మొకం ఎరుక. చాటింపు మొదలుపెట్టకముందే తరిమికొడ్తది. చింపాంజీ వైరస్‌తోటి మన ఒంటికి పరిచయం లేదు, అందుకే దాన్ని పట్టుకొచ్చిండ్రు. రష్యా స్పుత్నిక్ టీకా ఇంకో ఉపాయం చేసింది. మొదటి డోసుకు అడినో 26, రెండో డోసుకు అడినో 5. మొదలు వచ్చినోణ్ణే మళ్ల పంపితే ఒంటి కాపలా గుర్తుపట్టి బయటికి నూకుతదని ఆ తెలివి. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది ఇదే.

చాటింపు విని, చాటింపు వేసినోణ్ణి మాత్రం అరుగు ఎక్కనియ్యని ఊరు మనకు తెలిసిందే. ఒంటికి అది స్వభావం. ఊరికి అది కులం.

చెప్పండ్రి, ఈ ముచ్చట అర్థం కానీకి డాక్టర్ చదవాల్నా? మా చిన్నాయినకు అర్థం కాకపోవునా? జీవితాంతం మోసిన మనిషికి, మోసేది అంటే ఏందో తెల్వకపోవునా?

ఇగ అవ్వ ప్రశ్న. నెత్తురు గడ్డ. అది కూడా అబద్ధం కాదు.

కానీ 2024లో కొత్తగ బయటపడ్డ సంగతీ కాదు. 2021 ఏప్రిల్ 7 నాడే యూరప్ మందుల నియంత్రణ సంస్థ చెప్పింది, ఈ టీకాకు ఆ అరుదైన జబ్బుకు సంబంధం ఉండొచ్చని. నెత్తుట్ల ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే ఒక ప్రొటీన్ ఉంటది. చానా కొద్దిమందిలో టీకా తర్వాత ఒళ్లు ఆ ప్రొటీన్‌కే ఎదురుతిరిగి యాంటీబాడీలు చేస్తది. అప్పుడు ఒక దిక్కు ప్లేట్‌లెట్లు పడిపోతయి, ఇంకో దిక్కు గడ్డలు కడ్తయి. సూది పడ్డ కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లోపే వస్తది.

మన దేశంలో? 2021 మే 17 నాడు కేంద్ర ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది. కోవిషీల్డ్ 10 లక్షల డోసులకు 0.61 కేసులు. అంటే 10 లక్షలకు ఒక్కటి కూడా నిండలే. టీకా పడ్డ 20 రోజుల్లో ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొచ్చినా, కాలో చెయ్యో వాచినా, తగ్గని తలనొప్పి వచ్చినా వెంటనే దవఖానకు పోవాలె అని సలహా కూడా ఇచ్చింది. తారీఖు చూసిండ్రా? మా చిన్నాయిన ఆక్సిజన్ మీద ఉన్న వారమే. ఆ సలహా ఢిల్లీలో ఇంగ్లీషు కాయితం మీద వచ్చింది. మా మాదిగ వాడకు ఇప్పటికీ రాలేదు.

తక్కెడ రెండో దిక్కు కూడా చూడాలె. కరోనా టీకాలు, అన్ని రకాలూ కలిపి, మొదటి ఏడాదిలో మన దేశంలో 42 లక్షల చావులను ఆపినయని లాన్సెట్ వాళ్ల అంటురోగాల పత్రికలో 2022లో అంచనా వచ్చింది. అంచనాలో తప్పులుండొచ్చు. సగం తీసేసినా 21 లక్షల మంది.

కాబట్టి అవ్వకు నేను చెప్పింది ఇది: "అవ్వా, నీకు సూది పడి మూడేండ్లాయె. ఆ గడ్డ వచ్చేదుంటే అప్పుడే, వారాల్లోనే వచ్చేది. ఆ సూదితోటి ఇప్పుడు నీకు ఆ భయం లేదు." అవ్వ విన్నది. తర్వాత ఒక్కటే అన్నది: "గా మాట అప్పుడే జెప్తే ఏం బోయె?"

ఈ పోస్టంతా ఆమె అడిగిన ఆ రెండో ప్రశ్నకే.

ఎందుకు చెప్పరో చరిత్ర చూస్తే తెలుస్తది. టీకా మోసిన చేతుల చరిత్ర మనకు బడిలో చెప్పలే.

మశూచికి టీకా మన దేశంలో మొదటిసారి 1802 జూన్ 14 నాడు బొంబాయిలో ఒక మూడేండ్ల పాపకు వేసిండ్రు. అప్పుడు ఫ్రిజ్‌లు లేవు. టీకా మందు ఎండిపోకుండ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎట్ల పోవాలె? పిల్లల చేతుల మీద పోవాలె. ఒక పిల్లగాని చేతికి టీకా వేస్తరు. వారానికి పొక్కు లేస్తది. ఆ పొక్కు గీకి, రసం తీసి, ఇంకో పిల్లగాని చేతికి ఎక్కిస్తరు. అట్ల చేతి నుంచి చేతికి బొంబాయి నుంచి పుణె, సూరత్, హైదరాబాద్, మద్రాసు దాకా వచ్చింది. స్పెయిన్ రాజు 1803లో అమెరికా ఖండానికి టీకా పంపినప్పుడు ఓడలో 22 మంది అనాథ పిల్లల్ని ఎక్కించిండ్రు, చేతుల మీద మందు మోయనీకి. వెక్టర్ అనే మాట టీకాల్లోకి రాకముందే వెక్టర్లు ఉన్నయి. అవి పిల్లలు.

మన దేశంలో ఆ పిల్లలు ఎవరు? ఎక్కువగ పేదల పిల్లలు, కింది కులాల పిల్లలు. పొక్కు గీకితే నొప్పి, తమ పిల్లల్ని ఇయ్యనీకి ఉన్నోళ్లు ఒప్పుకోరు. అదే టైంల పై కులాలోళ్లు ఏమన్నరు? కింది కులం పిల్లగాని చేతి రసం మా ఒంట్లోకి ఎక్కితే మైల అన్నరు. ఈ గొడవ తెల్లోళ్ల రికార్డుల్లో నిండ ఉన్నది. నొప్పి మన పిల్లలది. మందు అందరిది. మైల మళ్ల మనదే. 19వ శతాబ్దం చివరికి దూడల మీద మందు పెంచుడు మొదలైనంకనే మెల్లమెల్లగ ఆ పద్ధతి పోయింది.

వెక్టర్ అన్న మాటకు ఇంకో అర్థం ఉన్నది: జబ్బును మోసేది. మలేరియాను మోసేది దోమ అని 1897 ఆగస్టు 20 నాడు మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ కనిపెట్టిండు. నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరు మీద సంస్థ ఉన్నది. ఆ దోమలకు తన ఒళ్లు అప్పజెప్పి కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా లెక్క ఇచ్చిండ్రు. ఆయన పేరు మీద ఏమున్నది?

2021 జనవరి 16. దేశమంతా కరోనా టీకా మొదలైన రోజు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి సూది పారిశుద్ధ్య కార్మికునికి. మన గాంధీ ఆస్పత్రిలో మొదటి సూది పారిశుద్ధ్య కార్మికురాలికి. దీన్ని నేను కుట్ర అంటలేను. జబ్బుకు దగ్గరగ పని చేసేటోళ్లకు ముందు ఇచ్చుడు న్యాయమే. అడుగుతున్నది వేరే. మొదటి సూది మాకైతే, మొదటి వివరం కూడ మాకే రావాల్నా వద్దా? కెమెరా మా జబ్బ మీదికి వచ్చింది. ఒక్కరన్నా మా చెవి దగ్గరికి వచ్చిండ్రా?

ఇక్కడ ఖమ్మం ముచ్చట చెప్పకుండ ముందుకు పోలేను.

2009 జులైలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండ హెచ్‌పీవీ టీకా వేసుడు మొదలుపెట్టిండ్రు. అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిండ్రు. టీకా మెర్క్ కంపెనీ గార్డసిల్. ఇది వెక్టర్ టీకా కాదు, వేరే రకం. టీకాగా మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నరు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇంకో కంపెనీ టీకాతోటి చేసిండ్రు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయిండ్రు. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చని సర్కారు విచారణ కమిటీ అన్నది. సరే. మరి ఒప్పుకోలు సంగతి? 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేసినంక విచారణలో మన రాష్ట్రం 9,543 ఫారాలు చూసిండ్రు. అందులో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. తల్లి కాదు, తండ్రి కాదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం 72వ నివేదికలో ఈ మొత్తం యవ్వారాన్ని ఉతికి ఆరేసింది.

హాస్టల్లో ఎవరి పిల్లలుంటరో నేను చెప్పాల్నా? ఆదివాసీ పిల్లలు, మన పిల్లలు. తల్లిదండ్రులు ఊర్లో కైకిలి పోతే, బిడ్డ ఒంటి మీద హక్కు వార్డెన్ సంతకంలోకి పోయింది.

ఇప్పుడు అసలు మాట. రాయనీకి నాకు కష్టంగున్న మాట.

2021 మార్చిలో మా వాడలో అంబేద్కర్ విగ్రహం దగ్గర మీటింగ్ పెట్టినం. ఈ ఖమ్మం లెక్కలన్ని నేను చెప్పిన. "మన పిల్లల మీద అట్ల చేసినోళ్లు ఇప్పుడు మనకే ముందు సూది ఎందుకిస్తుండ్రు? ఆలోచించుండ్రి" అన్న. చప్పట్లు కొట్టిండ్రు. ముందు వరుసలో చిన్నాయిన కూసున్నడు. వేసుకోవద్దని నేను అనలే. వేసుకొమ్మని కూడ అనలే. ఆ టీకా ఎట్ల పని చేస్తదో అప్పుడు నాకు తెల్వదు, తెలుసుకోలే. అనుమానం పంచిన, జవాబు పంచలే. చిన్నాయిన ఆ అనుమానం జేబులో వేసుకొని లైన్లోకి పోయిండు. అక్కడ జవాబు దొరికితే వేసుకునేటోడు. నేనూ ఇయ్యలే, వాళ్లూ ఇయ్యలే.

అందుకే ఈ మాట ముందు మనోళ్లకు. ఇయ్యాల నా వాట్సాప్‌లో ఉద్యమ మిత్రులే పంపుతున్నరు: "వైరస్‌నే ఒంట్లోకి ఎక్కించిండ్రు", "దళితుల జనాభా తగ్గించే కుట్ర", "రెండేండ్లల్ల అందరు పోతరు". రెండేండ్లు ఎప్పుడో దాటినయి అన్నా, మనం ఉన్నం. ఖమ్మంలో జరిగింది అన్యాయం కాబట్టి ప్రతి సూదీ విషమే అనుడు, మన పిల్లల్ని మళ్ల మశూచి కాలానికి పంపుడే. మన వాడల్లో తట్టు, డిప్తీరియా, పోలియో తగ్గింది టీకాలతోటే. ఉన్నోడు టీకా వద్దన్నా కార్పొరేట్ దవఖాన ఉంటది. మనకేముంటది?

రెండో మాట టీవీ డాక్టర్లకు. "గ్రామీణ ప్రాంతాల్లో అవగాహన లేక భయపడుతున్నారు" అని మూడేండ్లుగ చెప్పిండ్రు. అవగాహన అనేది మా ఒంట్లో పుట్టే గ్రంథి కాదు సార్, ఎవరో ఒకరు వచ్చి చెప్తే వస్తది. నిజం చెప్తే జనం భయపడతరని మీ భయం. దాచిన నిజం మూడేండ్లకు టీవీలో పేలితే ఏమైందో మా ఇంట్లో చూడండ్రి.

నిజం చెప్పుడు ఎట్లుంటదో ఒక ఉదాహరణ. 2007లో మెర్క్ కంపెనీ హెచ్ఐవీ టీకా ప్రయోగాన్ని మధ్యలో ఆపేసిండ్రు. అది కూడా వెక్టర్ టీకానే, అడినో 5తోటి చేసింది. పని చెయ్యలే. పైగా, అంతకుముందే అడినో 5 సోకి ఉన్న కొందరు మగవాళ్లలో హెచ్ఐవీ సోకే ముప్పు పెరిగినట్టు కనబడ్డది. చానా పెద్ద దెబ్బ. అదే టీకాతోటి దక్షిణాఫ్రికాలో నడుస్తున్న ఫంబిలి ప్రయోగాన్ని కూడ ఆపేసిండ్రు. ఆపి, ఎవరికి అసలు టీకా పడ్డదో, ఎవరికి ఉత్త సూది పడ్డదో పాల్గొన్నోళ్లకు చెప్పిండ్రు. ఖమ్మంలో వేసిన టీకా కంపెనీ, దక్షిణాఫ్రికాలో వేసిన టీకా కంపెనీ ఒక్కటే. అక్కడ నల్లజాతి జనం ఎయిడ్స్ మందుల కోసం రోడ్ల మీద కొట్లాడి, కోర్టుల్లో గెలిచి, చెప్పించుకునే హక్కు సంపాదించుకున్నరు. టీకాను తగలబెట్టలే, జవాబును గుంజుకున్నరు. మనం నేర్చుకోవాల్సింది అది.

మూడో మాట సర్కారుకు. మన ఘన్‌పూర్ స్టేషన్‌లో రైలెక్కితే సికింద్రాబాద్. అక్కడి నుంచి కొంచెం పోతే శామీర్‌పేట దిక్కు జీనోమ్ వ్యాలీ. ప్రపంచానికి టీకాలు పంపే జాగ. ముక్కులో చుక్కలేసే కరోనా టీకా ఇన్‌కోవాక్‌ను భారత్ బయోటెక్ చేసింది. అది కూడా చింపాంజీ అడినోవైరస్ టీకానే, అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీ పరిజ్ఞానంతోటి. 2023 జనవరి 26 నాడు, రిపబ్లిక్ డే నాడు విడుదల చేసిండ్రు. ప్రైవేటులో ధర 800. అంతకుముందు 2021 మేలో స్పుత్నిక్ హైదరాబాద్‌లో దిగినప్పుడు ఒక్క డోసు 995 రూపాయల 40 పైసలు. ఆ ఏడు మన ఉపాధి హామీ కూలీ రోజుకు 245. నాలుగు రోజులకు మించి మట్టి తవ్వితే ఒక సూది. సర్కారు టీకా ఉచితమే, కానీ 18 నుంచి 44 ఏండ్ల వాళ్లు కోవిన్‌లో పేరు రాసుకోవాలె, అది మొదట ఇంగ్లీషులోనే ఉండె. తెలుగు జూన్‌లో వచ్చింది. జబ్బు మే నెలలో వచ్చింది.

మాది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. తెలంగాణ తొలి ఆరోగ్య మంత్రి, ఉప ముఖ్యమంత్రి రాజయ్య గారు అప్పట్ల మా ఎమ్మెల్యేనే, స్వయంగా డాక్టర్. 2015 జనవరిలో, స్వైన్ ఫ్లూ రోజుల్లో, ఆయనను పదవి నుంచి తీసేసిండ్రు. ఆయన తర్వాత ఉప ముఖ్యమంత్రి అయిన కడియం శ్రీహరి గారూ మా దిక్కోరే. కుర్చీలు మనకు వచ్చినయి. సూది వేసేముందు మా భాషలో చదివి వినిపించే ఒక్క కాయితం మాత్రం మా వాడకు ఇప్పటికీ రాలే. తప్పు ఏ ఒక్కరిదో అంటలేను. అడగని మనది కూడ.

ఈ వెక్టర్ టీకాలు ఇక్కడితో ఆగవు. ఎబోలాకు పశువుల వైరస్‌ను వెక్టర్‌గ చేసి టీకా తెచ్చిండ్రు, 2015లో గినీ దేశంలో పరీక్షించిండ్రు, పని చేసింది. రేపు ఇంకో జబ్బుకు ఇంకో వైరస్ మోసుకొస్తది. చానా వరకు హైదరాబాద్ చుట్టుపక్కలే తయారైతయి. అవి పరీక్షించనీకి జబ్బలు కావాలె. ఎవరి జబ్బలో మనకు తెలుసు. కాబట్టి ఇప్పుడే అడుగుదాం:

ఒకటి. ఏ టీకా అయినా వేసేముందు, అందులో ఏమున్నది, ఎట్ల పని చేస్తది, ఏ లక్షణం కనబడితే ఎక్కడికి పోవాలె అన్న మూడు సంగతులు మన మాటల్లో రాసి, చదవరానోళ్లకు చదివి వినిపించాలె. ఆశ అక్కలకు ఆ పనికి టైమూ పైసలూ ఇయ్యాలె.

రెండు. ప్రయోగమైతే ప్రయోగమని చెప్పాలె. పిల్లల విషయంలో అవ్వనాయినల ఒప్పుకోలే ఒప్పుకోలు. వార్డెన్ సంతకం చెల్లదు.

మూడు. టీకాతోటి నష్టం జరిగిన ఒక్క మనిషి ఉన్నా సరే, కోర్టుల చుట్టు తిరగకుండ పరిహారం అందాలె. 10 లక్షల మంది కోసం ఒక్కరు నష్టపోతే, ఆ ఒక్కరి బాధ్యత 10 లక్షల మందిది.

నాలుగు. జీతం ఆపుతమని బెదిరించి సూది వేయొద్దు. బెదిరిస్తే మంచి మందు కూడ శిక్ష అయితది.

ఈ నెల 14, 15 తారీఖుల్లో కాదు, ఈ ఆదివారమే మా వాడలో, అదే అంబేద్కర్ విగ్రహం దగ్గర కూసుంటున్నం. ఈసారి అనుమానం ఒక్కటే పట్టుకొని పోతలేను. డప్పు కథ చెప్త. చింపాంజీ సంగతి చెప్త. నెత్తురు గడ్డ లెక్క చెప్త. ఎవరు ఏం అడిగినా నవ్వం. తెల్వకుంటే తెల్వదంటం, తెలుసుకొని మళ్ల ఆదివారం చెప్తం. చిన్నమ్మ వస్తనన్నది. ముందు వరుసలో ఆమెకు జాగ ఉంచినం.

చిన్నాయినా, నువ్వు అడిగింది నిజమే. నీకు జవాబు "అవును". ఆలస్యమైంది, మాఫ్ చెయ్యి.

వచ్చే వారం సఫాయి జీతాల లెక్కతోటి కలుద్దాం. ఇది చదివి మీ వాడలో ఒక్కరికన్నా చదివి వినిపించండ్రి.

జై భీమ్.